వీథి బ్రతుకులు - వెండితెర బేరములు

స్వల్పమైన పెట్టుబడితో, పేరు తెలియని నటులతో, నాలుగు సందులనే రంగస్థలముగా చేసికొని, కత్తిని, మత్తును, బూతుమాటను ముడిసరకుగా వాడి తయారుచేయు నేరకథా చిత్రములు కొన్ని సంవత్సరములుగా తెలుగునాట విరివిగా వెలువడుచున్నవి. సినిమాహాలులో రెండు వారములు నిలువని చిత్రము సైతము నేడు ఫోనుతెరపై నెలల తరబడి నడచుచున్నది. సికిందరాబాదు స్టేషనులో రైలుకొఱకు వేచియుండు యువకుల చేతులలోను, మొండా మార్కెటులో మూటలు దించి అలసట తీర్చుకొను కూలీల చేతులలోను ఇట్టి చిత్రములు వెలుగుచున్నవి. వీనిని గూర్చి రెండు కేకలు వినవచ్చుచున్నవి. ఇవి యువజనులను చెఱచుచున్నవి గనుక నిషేధింపవలెనని ఒక పక్షమువారు. ఇది వాస్తవము, ఇది కళ, దీనికి అడ్డుచెప్పుటకు మీరెవరని రెండవ పక్షమువారు. ఈ రెండింటిలో దేనితోడను మేము పూర్ణముగా ఏకీభవింపజాలము. మేమడుగు ప్రశ్న వేఱు. వీథి బ్రతుకును తెరపై అమ్మి ధనమార్జించువారు ఆ వీథికి తిరిగి యేమి యిచ్చుచున్నారు? ఈ లెక్క తేలినగాని తక్కిన వాదములు తేలవు.

మొదట ఒక అపోహను తొలగింపవలసియున్నది. దొంగయు, జూదరియు, వేశ్యయు సారస్వతమునకు తగని వస్తువులని తలచువారు మన పెద్దలలో ననేకులు గలరు. ఇది మన సాహిత్యచరిత్ర నెఱుగని మాట. శూద్రకుని మృచ్ఛకటికమున జూదములో ఓడి అప్పులవాండ్రకు వెఱచి పరుగెత్తు సంవాహకుడును, గోడకు కన్నము వేయు శర్విలకుడును, గణికయగు వసంతసేనయు ముఖ్యపాత్రలే. తెలుగున క్రీడాభిరామము ఓరుగల్లు నగరపు సందుగొందులలో సాగిన సంచారమును వర్ణించిన కృతి. అది చెందిన రూపకభేదమునకే వీథి యని పేరు. గురజాడవారి కన్యాశుల్కమున మోసగాండ్రకు కొదువలేదు. కావున వీథిని చూపుట దోషము కాదు. ఎట్లు చూపుచున్నారనునదియే విచార్యము. శూద్రకుడు కన్నపుదొంగను మనుష్యునిగా చూపెను. స్త్రీని చంపజూచి, ఆ నేరమును నిరపరాధిపై మోపినవాడు రాజుగారి బావమఱది యని చూపెను. నేరము వీథిలో కనబడినను దాని వేళ్లు తఱచు కోటలో నుండునని ఆ కవి యెఱుగును. నేటి చిత్రములను కొలుచుటకు మాకు ఇంతకంటె మంచి కొలబద్ద కనబడలేదు.

సికిందరాబాదువంటి పట్టణమున ఈ విచారమునకు ప్రత్యేకమైన తావు కలదు. 1806లో మూడవ నిజామగు సికందర్ జా పేర వెలసిన ఈ దండుపట్టణమును రాజప్రాసాదములు పెంచలేదు, వీథులు పెంచినవి. దండునకు సరకు లందించిన వర్తకులు, 1874లో రైలు వచ్చిన పిమ్మట చేరిన కార్మికులు, తమిళులు, మరాఠీలు, మార్వాడీలు, ఆంగ్లో ఇండియనులు, ఉర్దూ మాటాడు ముస్లిములు, పల్లెలనుండి వచ్చిన తెలుగువారు ఒకే సందులో కాపురముండి ఒకరి మాట నొకరు నేర్చుకొనిరి. సినిమా యిచటి బ్రతుకులో నెంతగా కలసిపోయినదో చెప్పుటకు పారడైజ్ కూడలియే చాలును. ఆ పేరుగల సినిమాహాలు పోయి చాలకాలమైనను కూడలికి పేరు మిగిలినది. ఆంగ్లచిత్రములకు ప్రసిద్ధివహించిన సంగీత్ హాలు నేడు లేదు. దాని జ్ఞాపకము మాత్రము పెద్దలలో నున్నది. ఇట్టి పట్టణము తన ముఖమును తెరపై చూచుకొనగోరుట సహజము. అయితే తెర చూపుచున్న ముఖము తనదేనా యని అడుగుటయు దాని హక్కే.

నేరచిత్రమను సరకు మొదట అమెరికాలో తయారైనది. 1931లో లిటిల్ సీజర్, పబ్లిక్ ఎనిమీ, 1932లో స్కార్‌ఫేస్ వెలువడి ముఠానాయకులను కథానాయకులుగా నిలిపినవి. నిరసన బలపడగా 1934నుండి హేస్ నియమావళి కఠినముగా అమలు జరిగినది. ఆ కట్టడి తొలగిన తరువాత, 1970 దశకమున మఱియొక వెల్లువ వచ్చినది. నల్లజాతివారి పేటలను వస్తువుగా గైకొని కొద్ది సొమ్ముతో చిత్రములు తీసిరి. 1972లో వచ్చిన సూపర్ ఫ్లై అను చిత్రమున న్యూయార్కులోని హార్లెం పేటలో కొకెయిన్ అమ్మువాడు నాయకుడు. అప్పుడు ఎదురు తిరిగినవారిలో నల్లజాతి హక్కుల సంఘములవారే ముందుండిరి. జూనియస్ గ్రిఫిన్ అను నాయకుడు అట్టి చిత్రములకు బ్లాక్స్‌ప్లాయిటేషన్ అని పేరుపెట్టెను. నల్లవారిని పిండుకొనుట యని దాని భావము. ఆ చిత్రములవలన నల్లజాతి నటులకు పని దొరకిన మాట నిజము. కాని లాభములో సింహభాగము పేట వెలుపలికి పోయినది. అపకీర్తి పేటలోనే మిగిలినది. ఈ చరిత్రను మనము గుర్తుంచుకొనవలెను. అక్కడి అభ్యంతరము కేవలము నీతికి సంబంధించినది కాదు, మర్యాదకు సంబంధించినది.

తెలుగులో ఈ మార్గమునకు ద్వారము తెఱచినది 1989లో విడుదలయైన శివ. అమీర్‌పేటలో వీడియో క్యాసెట్ల దుకాణము నడపిన యువకుడు రామగోపాలవర్మ ఆ చిత్రముతో దర్శకుడై, కళాశాల వాకిటినుండి రాజకీయనాయకుని యింటివరకు సాగిన రౌడీతనపు గొలుసును చూపెను. సైకిలు గొలుసు ఆనాటి కుఱ్ఱకారుకు గుర్తుగా మిగిలినది గాని, చిత్రమునకు బలమిచ్చినది ఆ రెండవ గొలుసే. 1998లో ఆయన హిందీలో తీసిన సత్య పెద్ద తారలు లేకయే బొంబాయి నేరలోకమును చూపి దేశమంతట కీర్తి గాంచినది. అందు హంతకుడును భార్యతో కలహించును, మిత్రులతో నవ్వును, మరణమునకు వెఱచును. తరువాతి వారిలో పెక్కుమంది ఈ మానవత్వమును విడిచి కత్తిని మాత్రము గ్రహించిరి. 2012లో కన్నడమున తీసి, పిమ్మట తెలుగులోనికి దించిన దండుపాళ్యం ఇందుకు ఉదాహరణము. నిజముగా జరిగిన దోపిడులను, హత్యలను, స్త్రీలపై అత్యాచారములను అది తెరపై విస్తరించి చూపెను. జనము విరగబడి చూచిరి. తరువాత రెండవ భాగము, మూడవ భాగము పుట్టినవి. ఒకమారు అమ్ముడుపోయిన దారుణము మఱునాడు పాతబడును. అంతకు మించిన దారుణము కావలసివచ్చును. ఈ వ్యాపారపు సూత్ర మిదియే.

ఇట్టి చిత్రములు చౌకగా ఎట్లు తయారగుచున్నవో మన పాఠకులు గ్రహింపవలెను. పౌరాణికమునకు కోట కట్టవలెను, నగలు చేయింపవలెను. కుటుంబచిత్రమునకైనను మేడ అద్దెకు తీసికొనవలెను. వీథి చిత్రమునకు సందు సిద్ధముగా నున్నది. రేకుల యిల్లు, మురుగుకాలువ, ఇరానీ హోటలు, రైలుపట్టాల ప్రక్కనున్న గోడ సిద్ధముగా నున్నవి. వేషము కొఱకు దర్జీతో పనిలేదు. మాట వ్రాయుటకు కవితో పనిలేదు. బస్తీ మాట చెవిని బడుచునేయున్నది. గుంపు కావలెనన్న కెమేరా కనబడగానే గుంపు చేరును. అనగా పెద్ద చిత్రమున ఏ వస్తువులకు లక్షలు పోయవలసియుండునో ఆ వస్తువులను పేదల బస్తీ దాదాపు ఉచితముగా ఇచ్చుచున్నది. కావున ఈ చిత్రములకు తొలి పెట్టుబడిదారు నిర్మాత కాడు, ఆ వీథియే. పెట్టుబడి పెట్టినవానికి లాభములో వాటా కలదనునది వ్యవసాయమునందును వర్తకమునందును ఒప్పుకొనిన ధర్మము. ఈ ధర్మము సినిమాబేరములో ఏల వర్తింపదు?

ఇక ఈ చిత్రములపై వచ్చు ఆరోపణలను ఒక్కొక్కటిగా విచారింతము. మొదటిది, ఇవి నేరములను పెంచునని. ఈ వాదము క్రొత్తది కాదు. 1927లో ఆంగ్లప్రభుత్వము చెన్నపురి న్యాయవాది దివాన్ బహద్దూర్ టి. రంగాచారియారు అధ్యక్షతన భారత సినిమాటోగ్రాఫ్ సంఘమును నియమించెను. సినిమా ప్రజలను చెఱచుచున్నదను భయము ఆనాడును ప్రబలముగా నుండెను. ఆ సంఘము దేశమంతట సాక్ష్యములు విచారించి, 1928లో సమర్పించిన నివేదికలో ఆ భయమును చాలవఱకు అతిశయోక్తిగా తీర్మానించెను. మేమును అంతమాత్రము చెప్పుదుము. ఒక బాలుడు దొంగయగుటకు బడి మానుట, పని దొరకకుండుట, తండ్రి త్రాగుడు, అప్పు, చెడు సావాసము చాలును. అతనికి సినిమా చూపనక్కఱలేదు. అయితే తెర కేవలము నిర్దోషియని మా భావము కాదు. నేరమును పుట్టింపలేకపోయినను తెర దానికి వేషము కల్పింపగలదు, నడక నేర్పగలదు, సిగ్గును తగ్గింపగలదు. ఇది చిన్న హాని కాదు.

ఈ విషయమున పోలీసువారు ఇటీవల అనుసరించిన మార్గము చర్చింపదగినది. 2023 సెప్టెంబరులో హైదరాబాదు నగర పోలీసు కమిషనరు, బస్తీ పిల్లయు ఆటో నడపు యువకుడును నాయికా నాయకులుగాగల బేబి అను చిత్రములోని మాదకద్రవ్యముల దృశ్యముపై అభ్యంతరము తెలిపి దాని నిర్మాణకర్తలకు నోటీసు పంపిరి. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ మాదకద్రవ్య నిరోధక విభాగమువారు, ఇంకను తయారు కాని గాంజా శంకర్ అను చిత్రము పేరును మార్పుమని నోటీసు జారీచేసిరి. గంజాయి నిజముగా బస్తీలను తినివేయుచున్నదనియు, దానిని అరికట్టువారి ఆందోళన కపటము కాదనియు మేమెఱుగుదుము. అయినను దృశ్యమును విమర్శించుట విమర్శకుని పని, వయస్సును నిర్ణయించుట ధ్రువీకరణ మండలి పని, సరకు పట్టుకొనుట పోలీసుల పని. మూడు పనులను ఒకరే చేయబూనిన మూడును చెడును. పేరును మార్పించుట సులభము. గంజాయి మూటలు నగరమునకు చేరు దారిని మూయుట కష్టము. సులభమైనది చేసి కష్టమైనది చేసినట్లు ప్రజలు భ్రమపడకూడదు.

రెండవ ఆరోపణ, ఈ చిత్రములు తావులకును జాతులకును కళంకము తెచ్చుననునది. దీనిని మేము పూర్తిగా నమ్ముచున్నాము. తెలంగాణపు మాటనే చూడుడు. 1985లో వచ్చిన ప్రతిఘటనలో కోట శ్రీనివాసరావుగారు దుష్టమంత్రి పాత్రకు తెలంగాణ యాసను పలికి అఖండమైన పేరు గడించిరి. ఆ నటుని ప్రతిభ నిర్వివాదము. తప్పు ఆయనది కాదు. కాని ఆ పిమ్మట చాలకాలము ఆ యాస దుర్మార్గునకో, విదూషకునకో కట్టిపెట్టిన మాటయైపోయినది. కోట్లమంది తల్లులు బిడ్డలను లాలించు మాట తెరపై రౌడీ మాటయైనది. రాష్ట్రము వేఱుపడు నాటికి గుండెలలో గూడుకట్టుకొనియున్న అవమానములలో ఇదియు నొకటి. నేడు నాయకుడును ఆ యాసనే మాటాడుచున్నాడు, సంతోషము. అయితే పాత వంచన క్రొత్త రూపము దాల్చినది. యాసపై నున్న మచ్చ బస్తీ పేరుమీదికి మాఱినది. బస్తీ పేరు చెప్పగానే యజమాని పనికి నిరాకరించుట, ఇల్లుగలవాడు అద్దెకు నిరాకరించుట పేదవారికి క్రొత్త గాదు. ఆ నిరాకరణకు చౌక చిత్రము ప్రతి వారము ఒక సాకు కూర్చుచున్నది.

ఇంతకంటె ఘోరమైనది జాతి కళంకము. ఆంగ్లపాలకులు 1871లో నేరస్థ తెగల చట్టమును చేసి, పుట్టుకతోనే దొంగలని కొన్ని కులముల నుదుట వ్రాసిరి. ఎరుకలవారిని స్థిరపఱచుటకు సాల్వేషన్ ఆర్మీ నడపిన స్టువర్టుపురము ఆ విధానమునుండి పుట్టిన గ్రామమే. స్వతంత్రభారతము 1952లో ఆ చట్టమును తొలగించెను. అయితే చట్టపుస్తకమునుండి పోయినది తెరపై నిలిచియున్నది. 1991లో స్టువర్టుపురం పోలీస్ స్టేషన్ వచ్చినది. 2023లో టైగర్ నాగేశ్వరరావు ప్రచారచిత్రము ఆ గ్రామమును, ఎరుకలవారిని కించపఱచుచున్నదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో వ్యాజ్యము దాఖలు కాగా, న్యాయస్థానము నిర్మాతకు నోటీసు లిచ్చెను. ఆ గ్రామపు పిల్లవాడు ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాయునపుడు ఊరిపేరు వ్రాయుటకు సంకోచించెనేని ఆ సంకోచమునకు ధర కట్టగలవారెవరు? పరదేశి ప్రభుత్వము వేసిన ముద్రను తుడుచుటకు ఒక చట్టము చాలినది. మనవారే వినోదము పేర వేయుచున్న ముద్రను తుడుచుటకు ఏ చట్టమును చాలదు; ప్రేక్షకుని సంస్కారమే కావలెను.

మూడవది, ఒకరి శోకమును సరకు చేయుట. 2018లో మిర్యాలగూడలో కులాంతర వివాహము చేసికొన్న యువకుని పట్టపగలు నడివీథిలో నఱికి చంపిరి. ఆ ఘటన ఆధారముగా 2020లో మర్డర్ అను చిత్రము సిద్ధమయ్యెను. సంబంధించిన కుటుంబమువారు న్యాయస్థానము నాశ్రయింపగా కొంతకాలము నిలుపుదల జరిగి, పిదప అనుమతి లభించి, ఆ సంవత్సరము డిసెంబరులో చిత్రము విడుదలయ్యెను. హత్యకేసులో తీర్పు మాత్రము 2025 మార్చిలోగాని రాలేదు. ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవము విధించిరి. అనగా న్యాయస్థానముకంటె నాలుగేండ్లకు పైగా ముందే తెర తన కథను చెప్పివేసినది. కులహత్యలపై చిత్రములు రావలదని మేమనము. రావలెననియే మా కోరిక. కాని చితి చల్లాఱకముందే టిక్కెట్టు అమ్ముటకును, సమాజమునకు దర్పణము పట్టుటకును గల భేదమును చట్టము చెప్పలేకపోయినను మనస్సు చెప్పగలదు.

నాలుగవ దోషమే మా దృష్టిలో అన్నిటికంటె పెద్దది. అది అసత్యము. వాస్తవమును చూపుచున్నామని చెప్పుకొను ఈ చిత్రములు వీథిలోని అసలు నేరములను చూపుటలేదు. సికిందరాబాదునే తీసికొందము. 2022 మార్చి 23న బోయిగూడలో తుక్కు గోదాము అంటుకొని, మేడపై నిద్రించుచున్న బీహారు కూలీలు 11 మంది మరణించిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 12న, క్రింద విద్యుత్ స్కూటర్ల దుకాణమున్న రూబీ హోటలులో మంటలు చెలరేగి 8 మంది చనిపోయిరి. 2023 మార్చి 16న స్వప్నలోక్ భవనములో పొగకు ఊపిరాడక 6 గురు ప్రాణములు విడిచిరి. వారు బ్రతుకుతెరువు కొఱకు వరంగల్లు, మహబూబాబాదు, ఖమ్మము ప్రాంతములనుండి వచ్చిన యువతీయువకులు. సంవత్సరము తిరుగకముందే ఈ మూడు ప్రమాదములలో 25 ప్రాణములు పోయినవి.

ఈ మరణములలో కత్తి లేదు, తుపాకి లేదు, ముఠానాయకుడు లేడు. సరకు గోదామే పడకగదిగా మాఱుట, తప్పించుకొను దారి లేకుండుట, మంటలార్పు సాధనములున్నవో లేవో చూడవలసినవారు చూడకుండుట, ఇవియే యిట్టి మరణములకు మూలములు. వీథిలో మనుష్యుని చంపుచున్న నేరములలో ఇంత విస్తారమైనది మఱి యేది? ఏడువేల రూపాయలకో, పదివేల రూపాయలకో ఊరు విడిచి వచ్చి, పనిచేసిన చోటనే పడుకొని, తెల్లవాఱుసరికి బూడిదయైన కూలీ కథలో భయము లేదా, కరుణ లేదా, రహస్యము లేదా? ఉన్నవి. అయితే ఆ కథ చెప్పుటకు పోయినచో ప్రతినాయకుని కొఱకు బస్తీని వెదకిన చాలదు. భవనయజమాని యింటికిని, అనుమతులిచ్చు కార్యాలయమునకును పోవలసివచ్చును. అదియే కష్టము. పేదవాడు పేదవానిని పొడుచుకొను కథ అందఱికిని సుఖము. చూచు పెద్దమనిషి తన చేతులకు మసి లేదని తృప్తిపడి ఇంటికి పోవచ్చును. శూద్రకుడు రాజుగారి బావమఱదిని చూపెనని మేము ముందు చెప్పినది ఇందుకే.

ఇట్లు తీయుట అసాధ్యమనువారికి మన ఊరివాడే సమాధానము చెప్పియున్నాడు. శ్యామ్ బెనెగల్‌గారు 1934 డిసెంబరు 14న సికిందరాబాదు తిరుమలగిరిలో జన్మించిరి. 2024 డిసెంబరు 23న కీర్తిశేషులైరి. ఆయన 1974లో తీసిన అంకుర్, 1983లో తీసిన మండి రెండును పెద్ద ఆర్భాటము లేని చిత్రములే. మన ప్రాంతపు నేలపై, మన ప్రాంతపు మాటతో తీసినవే. మండి ఒక వేశ్యాగృహపు కథ. నగరము నడుమనున్న ఆ స్థలముపై వర్తకులకును నాయకులకును కన్ను పడును. నీతి పేర ఆ స్త్రీలను ఊరివెలుపలికి తఱుముదురు. అశ్లీలమునకు ఎంతయో అవకాశమున్న వస్తువును గైకొని ఆయన భూమిబేరపు కపటమును బట్టబయలు చేసెను. ప్రేక్షకుడు నవ్వుచు నవ్వుచు సిగ్గుపడును. చౌకతనము వ్యయమునకు సంబంధించినది కాదు, చూపునకు సంబంధించినదని ఈ ఒక్క చిత్రమే నిరూపించుచున్నది.

తిరిగి యిచ్చుట యనగా నేమో చెప్పుటకు మఱియొక ఉదాహరణము కలదు. 1988లో మీరా నాయర్ తీసిన సలామ్ బాంబే చిత్రమున బొంబాయి వీథిబాలురే నటించిరి. ఆ చిత్రపు ఆదాయముతో అట్టి బాలుర సంరక్షణకు సలామ్ బాలక్ ట్రస్టు స్థాపింపబడినది, నేటికిని పనిచేయుచున్నది. అయినను అందు ప్రధానపాత్ర వహించి జాతీయబహుమతి పొందిన బాలుడు షఫీక్ సయ్యద్ పెరిగి బెంగుళూరులో ఆటో నడుపుకొని జీవింపవలసివచ్చెను. మంచిమనస్సుతో తీసిన చిత్రమే ఒక బాలుని బ్రతుకును పూర్తిగా నిలబెట్టలేకపోయినపుడు, ఆ మనస్సును లేని చిత్రములలో నటించు పిల్లల గతి యేమగును? సికిందరాబాదు స్టేషనులో ఇల్లు విడిచివచ్చిన బాలలను నేటికిని రైల్వే రక్షణదళమువారు గుర్తించుచునేయున్నారు. అట్టి పిల్లల కథతో చిత్రము తీయువాడు మొదట ఈ ప్రశ్నకు బదులు చెప్పవలెను.

న్యాయముగా మఱియొక సంగతి చెప్పవలెను. ఈ చిన్న చిత్రములవలన మేలు లేకపోలేదు. 2006లో వచ్చిన ది అంగ్రేజ్, హైదరాబాదు ఉర్దూ మాటను హాస్యముతో తెరకెక్కించి, చార్మినారు దగ్గఱి రౌడీని గూడ నవ్వు పుట్టించు మనుష్యునిగా చేసెను. 2019లో విశ్వక్ సేన్ తీసిన ఫలక్‌నుమా దాస్, మలయాళపు అంగమాలి డైరీస్‌కు అనుకరణమైనను, పాతబస్తీ యువకుల తిండిని, స్నేహమును, మాంసవ్యాపారమును చూపినది. దాని మూలములో 86 మంది క్రొత్త నటులకు అవకాశము లభించినదను విషయము గమనింపదగినది. పెద్దకుటుంబముల వారసులు ఆక్రమించిన రంగమునకు బస్తీపిల్లవాడు ప్రవేశింపగల తలుపు ఇదొక్కటే. ఆ తలుపును మూయుమని మేము కోరము. నిషేధము పెద్ద చిత్రమును ముట్టదు. వకీలును పెట్టుకొనలేని చిన్న నిర్మాతనే ముట్టును.

అయినచో కర్తవ్యమేమి? సెన్సారు కత్తెర సమాధానము కాదు. కె. ఏ. అబ్బాస్ నాలుగు నగరములలో ధనికుల వైభవమును, పేదల దైన్యమును ప్రక్కప్రక్కన చూపుచు తీసిన లఘుచిత్రమును సెన్సారువారు అడ్డుకొనగా ఆయన సుప్రీంకోర్టునకు పోయెను. 1970లో న్యాయస్థానము సెన్సారును సమర్థించినను, కళను అశ్లీలమునుండి వేఱుచేసి చూడవలెనని హెచ్చరించెను. విచారణ నాటికి ప్రభుత్వమే ఆ చిత్రమునకు అందఱును చూడదగు అనుమతి నిచ్చుటకు ఒప్పుకొనియుండెను. నిజమైన వీథిచిత్రముపై కత్తెర ఎంత సులభముగా పడునో దీనివలన తెలియుచున్నది. 2016లో బెనెగల్‌గారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము, మండలి పని చిత్రమును కోయుట కాదు, ఏ వయస్సువారికి తగునో చెప్పుటయేయని సలహా యిచ్చెను. 2021నాటి నియమములు ఫోనుతెరపై చిత్రములకును, 2023నాటి సవరణచట్టము హాలులోని చిత్రములకును 7, 13, 16 ఏండ్ల వయోవిభాగములను కల్పించినవి. ఇది సరియైన మార్గము. కాని పెద్దలకు మాత్రమే యని వ్రాసిన చిత్రమునకు పన్నెండేండ్ల బాలుని టిక్కెట్టు చించి లోనికి పంపు ద్వారపాలకుడున్నంతకాలము ఆ అక్షరము కాగితముమీది అలంకారమే.

తక్కిన కర్తవ్యము మన పాఠకులది. తెలుగు సినిమాకు తొలినుండియు పొలముల ఆదాయమే ముఖ్యమైన పెట్టుబడి. నేటికిని సినిమాహాళ్ల యజమానులు, పంపిణీదారులు, వడ్డీకి సొమ్మిచ్చువారు మన పాఠకవర్గములోనే కలరు. వారికి మా మనవి నాలుగు మాటలలో చెప్పెదము. ఏ బస్తీలో చిత్రము తీయుచున్నారో ఆ బస్తీవారికి స్థలమునకును శ్రమకును న్యాయమైన కూలి ముట్టినగాని సొమ్ము విడుదల చేయకుడు. కులము పేరునో, ఊరి పేరునో నేరమునకు మాఱుపేరుగా వాడిన కథకు పెట్టుబడి పెట్టకుడు. జీవించియున్నవారి శోకము కథావస్తువైనచో వారి అనుమతి యడుగుడు. బాలనటులున్నచో చట్టమును పాటింపుడు: రోజునకు 5 గంటలకు మించి పని చేయింపరాదు, చదువు మానిపింపరాదు, ఆదాయములో కనీసము 20 శాతము బాలుని పేర బ్యాంకులో నిలువచేయవలెను. ఈ చివరి నియమము 2017నుండి అమలులో నున్నది. దానిని పాటింపుమని అడుగుట దయాభిక్ష కాదు.

వీథి మనది. దాని ధూళియు, దాని మాటయు, దాని నేరమును మనవే. దానిని చూపకుడని మేమనుటలేదు. సగము చూపి సగము దాచకుడని మాత్రమే అనుచున్నాము. కత్తి పట్టిన పిల్లవానిని చూపినపుడు, ఆ చేతికి పలక అందకుండ చేసినవానిని గూడ చూపవలెను. అంతవఱకు వాస్తవము పేర జరుగుచున్న ఈ వ్యాపారమును వ్యాపారమనియే పిలిచెదము. టిక్కెట్టు కొనుటయా, మానుటయా యనునది పాఠకుని చేతిలోనిది.